శుభలేఖ నుండి చిత్రఫలకం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వీధులలో రావిచెట్ల మొదట దేవతామూర్తులున్న శుభలేఖలు, పాత క్యాలెండర్లు తరచుగా చూస్తుంటాను. పారవేయడానికి మనసొప్పక భక్తులు అక్కడ ఉంచుతారు. వానకు తడిసి అవి చివరకు కాలిక్రిందికే చేరతాయి. వాటిని గౌరవంగా నిలుపుకొనే ఉపాయం మన చేర్యాల నకాషీ చిత్రకారుల విద్యలో ఉంది. వారు ఖాదీవస్త్రానికి చింతగింజల జిగురు, తెల్లసుద్ద కలిపిన పూత పూస్తారు. అది నేత సందులను పూడ్చి, రంగు పాకకుండా ఆపుతుంది.

నేను అనుసరించే క్రమం ఇది. పిడికెడు చింతగింజలను వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీటితో చిక్కబడేవరకు ఉడికించాలి. జానెడు అట్టముక్కపై పాత నూలుపంచె గుడ్డను ఆ జిగురుతో అతికించాలి. ఆరిన తరువాత, సుద్దపొడి కలిపిన జిగురును పలుచగా రెండుమార్లు పూయాలి. ఒక్కసారే మందంగా పూస్తే బీటలు వారుతుంది. దానిపై చేర్యాల చిత్రాలకు సహజమైన ఎరుపు వేసి, శుభలేఖలోని మూర్తిని కత్తిరించి నడుమ అతికించాలి. అంచులకు చిరిగిన పట్టుచీర జరీ చాలు. తేమ తగలని గోడకే తగిలించాలి.

ఇంటికి వచ్చిన శుభలేఖలన్నింటినీ ఇలా నిలుపలేము. కనుక మన ఇంట శుభకార్యానికి అచ్చువేయించేటప్పుడే, ఈ మూర్తి రేపు ఎక్కడ ఉంటుందని యోచించడం కూడా భగవత్సేవయే.