ఫైబ్రోసిస్: లోపలి అవయవాలకు పడే మచ్చ

మోకాలి గాయం మానాక మిగిలే మచ్చను వేలితో తడిమి చూడండి. గట్టిగా ఉంటుంది, చర్మంలా సాగదు. అలాంటి మచ్చే కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో పడితే ఫైబ్రోసిస్ అంటారు. గాయాన్ని పూడ్చేందుకు ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను తయారుచేస్తాయి. గాయం పదే పదే అవుతుంటే ఆ పని ఆగదు, మెత్తని కణజాలం ఉండాల్సిన చోట నారలాంటి పదార్థం పేరుకుపోతుంది.

కాలేయంలో ముదిరితే సిర్రోసిస్. క్వారీల్లో సిలికా ధూళి పీల్చేవారికి వచ్చేది సిలికోసిస్. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, అంటే అధికారులకు తెలియజేయాల్సిన వ్యాధుల జాబితాలో, దీని పేరుండేది. ఒకసారి వస్తే ఊపిరితిత్తి మామూలు స్థితికి రాదు, అందుకే దుమ్మును మొదట్లోనే ఆపాలి. గుట్కా, వక్క నమిలేవారికి బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి, ముద్ద పెట్టుకునేందుకు కూడా నోరు తెరుచుకోదు. అదీ ఫైబ్రోసిసే. మన కుర్రాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఫైబ్రోసిస్‌తో తికమక పెట్టే పేర్లు రెండు. నల్గొండ అనగానే గుర్తొచ్చే ఫ్లోరోసిస్ వేరు: తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినడం. సిస్టిక్ ఫైబ్రోసిస్ పుట్టుకతో వచ్చే జన్యువ్యాధి. దానికి కారణమైన సీఎఫ్‌టీఆర్ జన్యువు 7వ క్రోమోజోమ్‌పై ఉంటుంది, దాన్ని 1989లో గుర్తించారు.