చిన్న చేపకు ఎంత రీలు కావాలి?

పిచ్చాటూరు అరణియార్ గట్టు మీద కూర్చుని నా కొత్త రీలులో పడిన చిక్కు విప్పుకుంటున్నాను. పక్కనే వెదురు కర్రతో జిలేబి చేప మీద జిలేబి చేపను పట్టి సంచిలో వేసుకుంటున్న పెద్దాయన కాసేపు చూసి అడిగాడు: "ఏం సామీ, ఆ మిషను సరిజేసుకునేదానికే పొద్దు పోతా ఉండాదే, చేప యాడ పట్టేది?" ఆ రీలు మీద 13 బేరింగులని బంగారు రంగు అక్షరాలు మెరుస్తుండేవి. రెండో నెలకే అది అటక ఎక్కింది. ఆ డబ్బు పోయాక నేర్చుకున్నవి ఇవి.

1. అసలు రీలు కావాలా అని ముందు చూసుకోండి. తూము దగ్గర, కట్ట రాళ్ల సందుల్లో తిరిగే జిలేబికి, పరిగెకు పదడుగుల వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, ఒక వానపాము చాలు. ఎండాకాలంలో నీళ్లు లోపలికి జరిగి, గట్టుకూ నీటికీ మధ్య మోకాటి లోతు బురద మిగిలినప్పుడే రీలు అవసరం తెలుస్తుంది.

2. కొంటే స్పిన్నింగ్ రీలే కొనండి. దీని వెనక ఒక మగ్గం కథ ఉంది. ఇంగ్లండులో ఉన్ని మిల్లు నడిపే ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో ఈ తరహా రీలుకు పేటెంటు తీసుకున్నాడు. కండె కదలకుండా ఉంటే నూలు దాని కొస మీదుగా జారుకుంటూ రావడం మిల్లులో రోజూ చూసే సంగతే. మన నగరి, పుత్తూరు మరమగ్గాల వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. అదే తీరున ఈ రీలులో దారం చుట్టిన స్పూలు విసిరినప్పుడు తిరగనక్కర్లేదు గనక, రెండు మూడు గ్రాముల ఎర కూడా దూరం పోతుంది. స్పూలే గిర్రున తిరిగే బెయిట్‌కాస్టింగ్ రీలుకు ఎర బరువు కావాలి. చౌక రకంలో అంత తేలికైన ఎర వేస్తే దారం పిచ్చుక గూడవుతుంది.

3. సైజు 1000 గానీ, 2000 గానీ. అరచేతి జిలేబికీ, జెల్లకూ అంతకు మించి వద్దు. "పెద్దది తీసుకోండి సార్, అన్నిటికీ పనికొస్తుంది" అని అంగడివాడు 4000 చేతిలో పెడతాడు. పొద్దంతా పట్టుకునేది మణికట్టు గానీ అంగడివాడు కాదు.

4. బేరింగుల లెక్క నమ్మకండి. తుప్పుపట్టే నాసిరకం పదమూడింటికన్నా సరైనవి మూడు నయం. అచ్చేసిన అంకెను పక్కనపెట్టి, అంగట్లోనే చేత్తో చూడండి. నేను జేబులో చిటికెడు దూది వేసుకుని పోతాను. దారం జారిపోయే స్పూలు అంచు చుట్టూ దూదిని తిప్పితే, ఎక్కడ గరుకుందో అక్కడ పోగు చిక్కుతుంది. కంటికి కనపడని ఆ నొక్కే రేపు దారాన్ని కోస్తుంది. తర్వాత బెయిల్ అనే తీగ కమ్మీ చివర, దారం ఆనుకునే చిన్న చక్రాన్ని వేలితో తిప్పండి. తిరగకపోతే ఆ రీలు వద్దు. దారం ఒకే చోట ఒరుసుకుని తెగుతుంది, మెలికలూ పడతాయి. నా 13 బేరింగుల రీలుకు వచ్చిన జబ్బు ఇదే.

ఆఖరికి డ్రాగ్, అంటే చేప గుంజినప్పుడు దారాన్ని బిగువుగా వదిలే బ్రేకు. ముందున్న మరను కొంచెం కొంచెం బిగిస్తూ దారం లాగండి. దారం వెన్నలోంచి వెంట్రుక లాగినట్టు ఒకే తీరున రావాలి. పట్టి, వదిలి, కుదుపుతూ వస్తే చేప తలాడించిన మొదటి ఊపుకే తెగుతుంది. నా లెక్కలో రెండు వేల రూపాయల లోపు రీలులో డబ్బు పెట్టాల్సింది ఈ డ్రాగ్‌కూ, ఆ చిన్న చక్రానికీ మాత్రమే. రంగు, మెరుపు, మడిచే పిడి తర్వాతి మాట.

5. రీలుతో ఊరికే వచ్చే దారాన్ని తీసేయండి. అది చాలావరకు లావుగా, స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. 0.18 లేదా 0.20 మిల్లీమీటర్ల నైలాన్ చాలు. చుట్టేటప్పుడు తడిగుడ్డ మధ్య నుంచి లాగుతూ గట్టిగా చుట్టాలి, అంచుకు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఖాళీ ఉంచాలి. అంచుదాకా నింపితే చుట్టలు చుట్టలుగా జారిపడుతుంది, తక్కువైతే ఎర దూరం పోదు.

6. డ్రాగ్ ఎంత బిగించాలో నీళ్ల సీసా చెబుతుంది. దారం తెగే బరువులో నాలుగో వంతుకు జారాలని పాత లెక్క. రెండు కిలోల దారమైతే అర లీటరు సీసా నింపి దారానికి కట్టి ఎత్తండి. సీసా నేల విడిచే సమయానికి దారం జారాలి. జిలేబికైతే ఇంకొంచెం వదులుగా ఉన్నా తప్పులేదు.

7. ఎర విసిరాక బెయిల్‌ను పిడి తిప్పి కాకుండా చేత్తో మూయండి. మెలికలు సగం తగ్గుతాయి.

8. ఇంటికొచ్చాక డ్రాగ్ వదులు చేయండి, లేకుంటే లోపలి వాషర్లు అణిగిపోతాయి. తడిగుడ్డతో తుడవండి గానీ కొళాయి కింద ధారగా పట్టకండి, ఉన్న గ్రీజు పోతుంది. పులికాట్ ఉప్పునీళ్లకు తీసుకుపోతే అదే రోజు మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడవాలి. బెయిల్ చక్రానికీ, పిడి కీలుకూ కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క. కొబ్బరినూనె మాత్రం వద్దు. దుమ్ము పట్టి బంకలా తయారవుతుంది. నేను చేసి చూశాను.

9. ఎక్కడపడితే అక్కడ గాలం వేయకండి. చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సంఘానిదో, పాటదారుడిదో. ముందు అడగండి, చాలామంది కాదనరు. కల్యాణి డ్యాము తాగునీటిది, అటు పోవద్దు. అరణియార్‌కు పోయేవాళ్లు పక్కనే నాగలాపురంలో వేదనారాయణస్వామి గుడి కూడా చూసి రావచ్చు. అక్కడ స్వామి మత్స్యావతారంలోనే ఉన్నాడు. గాలం మాత్రం బండిలోనే ఉంచండి, కాస్త మొహమాటంగా ఉంటుంది.

10. తెగిన దారం ముక్కలు గట్టు మీద పారేయకండి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టుకు వచ్చే గూడబాతులు, కొంగలు మేతకు చుట్టుపక్కల చెరువులన్నీ తిరుగుతాయి. నైలాన్ కాలికి చుట్టుకుంటే విప్పుకోవడానికి వాటికి చేతుల్లేవు. నేను పాత ఫిల్ము డబ్బా ఒకటి సంచిలో వేసుకుంటాను. ముక్కలన్నీ దాంట్లోకే, మిగిలిన కొక్కేలూ దాంట్లోకే.