ఆట కూడా బువ్వే

రత్నం కూలి పనికి వెళుతుంది. ఆమె భర్త వెంకన్న తాపీ పని చేస్తాడు. వాళ్ళకు ఒక పాప పుట్టింది. పాపను అందరూ బుజ్జి అని పిలుస్తారు.

బుజ్జికి రెండు నెలలు నిండాయి. పాలు తాగుతుంది. చీరె ఊయలలో పడుకుంటుంది. పెద్దగా ఏడవదు.

"మా బుజ్జి ఎంత బుద్ధిమంతురాలో! ఇంట్లో ఉన్నట్టే తెలియదు" అని నాయనమ్మ పోలమ్మ అందరికీ చెప్పుకుంటుంది.

ఒక రోజు అంగన్‌వాడీ టీచరు వాళ్ళ ఇంటికి వచ్చింది. బుజ్జిని తూకం వేసింది. బరువు బాగానే ఉంది.

"పాపకు ఏం పెడుతున్నావు రత్నం?" అని అడిగింది.

"నా పాలేనండీ. ఇంకేమీ పెట్టటం లేదు."

"మంచిది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు. మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. మరి రెండో బువ్వ పెడుతున్నారా?"

రత్నం అర్థంకాక చూసింది.

"ఆట! ఆట కూడా బువ్వే" అంది టీచరు.

పోలమ్మ నవ్వింది. "రెండు నెలల పసిగుడ్డుకి ఆటలేంటి టీచరమ్మా? ఇంకా మెడే నిలవలేదు. నడక వచ్చాక వాళ్ళే ఆడుకుంటారు."

టీచరు పోలమ్మ పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, వెంకన్నకు మీరు లాల ఎలా పోసేవారు?"

"ఎలా పోస్తాం? కాళ్ళ మీద పడుకోబెట్టుకునేదాన్ని. నూనె రాసేదాన్ని. కాళ్ళూ చేతులూ మెల్లగా సాగదీసేదాన్ని. ఏదో పాడేదాన్ని. వాడు ఉంగా అంటే నేనూ ఉంగా అనేదాన్ని."

"అవే పెద్దమ్మా ఆటలు! మీకు అన్నీ తెలుసు. బుజ్జికి ఎందుకు దాచిపెట్టారు?"

పోలమ్మ ఏమీ అనలేదు. బుజ్జిని తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

ఆట ఎందుకు?

బిడ్డ పుట్టినప్పటి నుంచి మెదడు చాలా వేగంగా పెరుగుతుంది. ఏడాది నిండేసరికి మెదడు బరువు రెండింతలకు పైగా అవుతుంది. ఒళ్ళు పెరగటానికి పాలు కావాలి. మెదడు పెరగటానికి పాలతో పాటు మాట, పాట, స్పర్శ కూడా కావాలి.

తల్లి పలకరిస్తుంది. బిడ్డ నవ్వుతుంది. తల్లి మళ్ళీ నవ్వుతుంది. ఇలా ఇచ్చిపుచ్చుకోవటమే పసిబిడ్డకు చదువు. దీనికి పలకా బలపం అక్కర్లేదు. డబ్బూ అక్కర్లేదు. విడిగా టైము కూడా అక్కర్లేదు. పాలిచ్చేటప్పుడు, లాల పోసేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు ఆడించవచ్చు.

ఏ నెలలో ఏ ఆట?

పుట్టినప్పటి నుంచి 2 నెలల దాకా: ఈ వయసులో బిడ్డకు దూరంగా ఉన్నవి సరిగా కనిపించవు. జానెడు నుంచి అడుగు దూరంలో ఉన్నవి బాగా కనిపిస్తాయి. తల్లి పాలిస్తుంటే తల్లి ముఖం సరిగ్గా అంత దూరంలోనే ఉంటుంది. కాబట్టి మొదటి ఆటబొమ్మ అమ్మ ముఖమే. బిడ్డ కళ్ళలోకి చూసి మాట్లాడండి. నాలుక బయట పెట్టి చూపించండి. మెల్లగా జోల పాడండి.

2 నెలల నుంచి 4 నెలల దాకా: బిడ్డ బోసినవ్వులు నవ్వుతుంది. ఊ, ఆ అంటుంది. అన్నప్పుడు మీరు కూడా ఊ అనండి. తర్వాత కాసేపు ఆగండి. బిడ్డకు బదులు చెప్పే వీలు ఇవ్వండి. ఎర్ర గుడ్డతో బంతి కుట్టి, కళ్ళ ముందు మెల్లగా అటూ ఇటూ కదపండి. బిడ్డ కళ్ళు దాని వెంట తిరుగుతాయి. మెలకువగా ఉన్నప్పుడు చాప మీద బోర్లా పడుకోబెట్టండి. పక్కనే కూర్చోండి. మెడ గట్టిపడుతుంది. నిద్రపోయేటప్పుడు మాత్రం వెల్లకిలా పడుకోబెట్టాలి.

4 నెలల నుంచి 6 నెలల దాకా: బిడ్డ చేయి చాపి వస్తువులు పట్టుకుంటుంది. నోట్లో పెట్టుకుంటుంది. కడిగిన చెంచా, చిన్న స్టీలు గిన్నె ఇవ్వండి. చిన్న ప్లాస్టిక్ సీసాలో కొన్ని చింతపిక్కలు వెయ్యండి. మూత గట్టిగా బిగించండి. ఊడకుండా గుడ్డ చుట్టి కుట్టండి. గిలక్కాయ తయారైంది! సీసా పగిలినా, మూత వదులైనా వెంటనే పారెయ్యండి.

6 నెలల నుంచి 9 నెలల దాకా: దోబూచులాట ఆడండి. కొంగుతో ముఖం దాచుకోండి. మళ్ళీ కనిపించండి. కనపడని మనిషి పోలేదు, మళ్ళీ వస్తుంది అని బిడ్డకు తెలుస్తుంది. తారంగం ఆడించండి. అరచేతిలో పప్పూ బువ్వా కలిపినట్టు కలిపి, చంక దాకా వేళ్ళు నడిపించి చక్కిలిగింత పెట్టండి.

9 నెలల నుంచి ఏడాది దాకా: గిన్నెలో ఉల్లిపాయలు వెయ్యటం, తియ్యటం బిడ్డకు గొప్ప ఆట. బంతి దొర్లించండి. "నాన్న ఏడీ? కుక్క ఏదీ?" అని అడగండి. కనిపించిన ప్రతి దానికీ పేరు చెప్పండి.

వెంకన్న సెల్‌ఫోన్

వెంకన్న సాయంత్రం పని నుంచి వచ్చేవాడు. ఫోనులో పాటలు పెట్టి బుజ్జికి చూపించేవాడు. బొమ్మలు కదులుతుంటే బుజ్జి రెప్ప వెయ్యకుండా చూసేది.

టీచరు వద్దని చెప్పింది. "ఏడాది లోపు పిల్లలకు ఫోను, టీవీ అసలు చూపించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోను నువ్వు నవ్వితే నవ్వదు వెంకన్నా. బుజ్జి ఊ అంటే బదులు పలకదు. నువ్వు పలుకుతావు" అంది.

ఆ రోజు నుంచి వెంకన్న స్నానం చేసి వచ్చి, బుజ్జిని ఒళ్ళో వేసుకుని కబుర్లు చెప్పటం మొదలుపెట్టాడు. సిమెంటు, ఇసుక, ఇటుకల కబుర్లే. బుజ్జి అతని నోటివైపే చూసి నవ్వేది.

గిలక్కాయ చెప్పిన సంగతి

బుజ్జికి ఐదో నెల వచ్చింది. రత్నం మళ్ళీ కూలికి వెళుతోంది. పోలమ్మ ఇంట్లో బుజ్జిని ఆడిస్తోంది. తనే చింతపిక్కలతో గిలక్కాయ చేసింది.

కళ్ళ ముందు ఊపితే బుజ్జి నవ్వింది. చేయి చాపింది. పోలమ్మ సరదాగా వెనక్కి వెళ్ళి ఊపింది. బుజ్జి తల తిప్పలేదు. మళ్ళీ ఊపింది. తిప్పలేదు.

మర్నాడు పోలమ్మ బుజ్జి వెనక నిలబడి గరిటెతో కంచం మీద కొట్టింది. వాకిట్లో పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచింది. బుజ్జి కదలలేదు.

రాత్రి పోలమ్మ ఈ సంగతి కోడలికి చెప్పింది.

రత్నం పెట్టెలోంచి తల్లీబిడ్డల కార్డు తీసింది. టీకాలు వేయించిన రోజున తప్ప ఆ కార్డు బయటికి రాదు. రత్నం చదవటం నేర్చుకుని ఏడాదే అయింది. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. ఆరు నెలల బిడ్డ బొమ్మ దగ్గర ఆమె వేలు ఆగింది. ఆ వయసుకు బిడ్డ శబ్దం వచ్చిన వైపు తల తిప్పాలి.

"ఆరు నెలలు నిండలేదుగా" అంది పోలమ్మ. "ఊ, ఆ అంటోంది కూడానూ. వినపడకపోతే ఎలా అంటుంది? పెద్దయితే అదే వస్తుందిలే. ఆడపిల్ల. నలుగురికీ తెలిస్తే బాగుండదు."

"అత్తా, కుక్క లేచింది, బుజ్జి లేవలేదు అని నువ్వే కదా చెప్పావు! రేపు కూలి పోతే పోయింది. చూపించుకొద్దాం" అంది రత్నం.

వెంకన్న కూడా సరే అన్నాడు.

టీచరు వాళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపింది. అక్కడి డాక్టరు జిల్లా ఆసుపత్రికి రాసి ఇచ్చింది. జిల్లా ఆసుపత్రిలో బుజ్జి నిద్రపోతుండగా పరీక్ష చేశారు. సూది లేదు, నొప్పి లేదు. బుజ్జికి రెండు చెవులూ సరిగా వినిపించటం లేదని తేలింది.

రత్నం ఏడ్చింది.

"ఏడవకమ్మా. మీరు తొందరగా తెచ్చారు" అంది డాక్టరు. "వినపడని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊ, ఆ అంటారు. నవ్వుతారు. అందుకే చాలామంది పోల్చుకోలేరు. రెండు, మూడేళ్ళకు మాటలు రాకపోతే అప్పుడు వస్తారు. ఆరు నెలల లోపే కనిపెట్టి వైద్యం మొదలుపెడితే పిల్లలకు మాటలు బాగా వస్తాయి. ఇంతకీ ఎవరు కనిపెట్టారు?"

రత్నం అత్త వైపు చూపించింది. పోలమ్మ చేతిలో గిలక్కాయ ఉంది.

బుజ్జి చెవులకు చిన్న యంత్రాలు పెట్టారు. మొదటి రోజు బుజ్జి వాటిని పీకేసింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పీకింది. ఓపికగా పెడుతూనే ఉన్నారు. ముఖానికి ముఖం పెట్టి మాట్లాడమని డాక్టరు చెప్పింది. ముగ్గురూ అలాగే మాట్లాడుతున్నారు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక సాయంత్రం రత్నం పాలిస్తోంది. పోలమ్మ వెనక నుంచి మెల్లగా గిలక్కాయ ఊపింది.

బుజ్జి పాలు తాగటం ఆపింది. కళ్ళు పెద్దవి చేసింది. తల తిప్పి నాయనమ్మ వైపు చూసింది.

గుర్తుంచుకోండి

• నోట్లో పూర్తిగా పట్టే వస్తువు ఏదీ బిడ్డ చేతికి ఇవ్వకండి. గింజలు, గుండీలు, నాణేలు, పిన్నీసులు, ప్లాస్టిక్ సంచులు దూరంగా ఉంచండి.
• బిడ్డను పైకి ఎగరేసి పట్టుకోవద్దు. ఏడుస్తోందని గట్టిగా కుదపవద్దు.
• బిడ్డ ముఖం తిప్పుకున్నా, ఏడ్చినా ఆట ఆపండి. అలసిపోయిందని అర్థం.
• గంటల తరబడి ఊయలలోనే ఉంచకండి. ఒళ్ళో, చాప మీద ఆడనివ్వండి.
• ఆడించటం తల్లి ఒక్కదాని పని కాదు. తండ్రి, తాత, నాయనమ్మ, అమ్మమ్మ అందరిదీ.

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

• 3 నెలలు నిండినా పలకరిస్తే నవ్వకపోతే, కదిలే వస్తువు వెంట కళ్ళు తిప్పకపోతే.
• 4 నెలలు నిండినా మెడ నిలవకపోతే.
• 6 నెలలు నిండినా శబ్దం వైపు తిరగకపోతే. అనుమానం వస్తే అప్పటిదాకా ఆగకండి. బుజ్జి వాళ్ళ లాగే వెంటనే చూపించండి.
• 9 నెలలు నిండినా కూర్చోలేకపోతే.

ఇలాంటి పిల్లలకు పరీక్షలు, వైద్యం ఉచితంగా చేయించటానికి ప్రభుత్వం 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. అంగన్‌వాడీ టీచరును గానీ, ఆశా కార్యకర్తను గానీ అడగండి.

చెప్పండి

1. "ఆట కూడా బువ్వే" అని టీచరు ఎందుకు అంది?
2. ఫోను చెయ్యలేనిది, వెంకన్న చెయ్యగలిగినది ఏమిటి?
3. బుజ్జికి వినపడటం లేదని పోలమ్మ ఎలా కనిపెట్టింది?
4. "నలుగురికీ తెలిస్తే బాగుండదు" అని రత్నం ఊరుకుని ఉంటే ఏం జరిగేది?

చేసి చూడండి

మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఏడాది లోపు బిడ్డ ఉందా? తల్లీబిడ్డల కార్డు తీసి చదవండి. ఆ వయసు బిడ్డ ఏమేం చేస్తుందో చూడండి. మీ అమ్మమ్మనో, నాయనమ్మనో అడిగి పసిపిల్లల ఆట ఒకటి నేర్చుకోండి. దాన్ని మీ నోటు పుస్తకంలో ఐదు వాక్యాలలో రాయండి. బిడ్డతో ఆడండి.