ఆ తుపాకి ఇంట్లో వద్దురా

చి. కార్తీక్‌కి,

నరసరావుపేట నుంచి మామయ్య ఆశీర్వదించి రాసేది.

గ్రీన్‌కార్డు వచ్చీ రాగానే పిస్తోలు కొన్నావనీ, పడకగది సొరుగులో పెట్టుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఎందుకు కొన్నావో నాకు తెలుసు. బంగారం కోసం మనవాళ్ల ఇళ్లల్లో దొంగలు పడుతున్న వార్తలు మేమూ వింటున్నాం. స్వాతి, చంటిపిల్ల ఇంట్లో ఉండగా నీకు భయం వేయడంలో తప్పేమీ లేదు. అయినా ఈ ఒక్క విషయంలో నా మాట చివరిదాకా విను.

అమెరికాలో తుపాకి చావులంటే మనకి బడిలోనో, మాల్‌లోనో జరిగిన కాల్పులే గుర్తొస్తాయి. కానీ 2023లో అక్కడ తుపాకి వల్ల పోయిన 46,728 మందిలో 27,300 మంది తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లు. సగానికి పైమాటే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మంది వివరాలు పన్నెండేళ్లపాటు పరిశీలించి 2020లో ఫలితాలు బయటపెట్టారు. సొంత పిస్తోలు ఉన్న మగవాళ్లు తుపాకితో ఆత్మహత్య చేసుకోవడం, లేనివాళ్లతో పోలిస్తే, దాదాపు 8 రెట్లు ఎక్కువ. ఆడవాళ్లలోనైతే 35 రెట్లు. కొన్న కొత్తల్లో ముప్పు మరీ ఎక్కువట. అయితే అలాంటి చావుల్లో సగానికి పైగా కొన్న ఏడాది తర్వాత జరిగినవే. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ రెండో సంగతి. కొన్ననాడు మనిషి నిబ్బరంగానే ఉండొచ్చు. ఏళ్లు గడిచాక ఏదో ఒక రాత్రి అలా ఉండకపోవచ్చు. తుపాకి మాత్రం ఆ సొరుగులోనే ఉంటుంది.

"నాకలాంటి ఆలోచనలేం లేవు మామయ్యా" అంటావు. నమ్ముతాను. కానీ నా ఉద్యోగమంతా పత్తి, మిరప రైతుల మధ్యే గడిచిందని నీకు తెలుసు కదా. ఎర్ర త్రిభుజం గుర్తున్న పురుగుమందు డబ్బా ఒంటిగది ఇంట్లో, మిరపకాయల బస్తాల పక్కన, పిల్లల పుస్తకాల గూటి కింద ఉండేది. అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడి నలుగురూ వినేలా అన్న మాట, ఆలుమగల మధ్య పెరిగిన మాట, పొద్దుగూకేసరికి చల్లారిపోయేవే. డబ్బా చేతికందేచోట ఉన్న ఇళ్లల్లో కొందరు పొద్దుగూకేదాకా ఆగలేదు. అదే డబ్బా చేలో మోటారు షెడ్డులో ఉంటే అంతదూరం నడవాలి, దారిలో ఎవరో ఒకరు "ఏం బావా, ఈ వేళప్పుడు ఎటు?" అంటారు. ఆ ఒక్క పలకరింపుతో వెనక్కి తిరిగిన మనుషుల్ని నేనెరుగుదును. ఇప్పుడు వాళ్లు మనవళ్లని ఎత్తుకుని తిరుగుతున్నారు.

ఇది మా ఊళ్ల సంగతే కాదు. చావు అంచుదాకా వెళ్లి బతికిన యువతీయువకుల్ని హూస్టన్‌లో అడిగితే, నిర్ణయానికీ ప్రయత్నానికీ మధ్య 5 నిమిషాలు కూడా లేవని నలుగురిలో ఒకరు చెప్పారు. అలా బతికినవాళ్లలో పదింట తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో పోలేదని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. అంటే చాలామంది విషయంలో ఆ గడియ దాటించగలిగితే మనిషి దక్కుతాడు. తుపాకి ఆ గడియ దాటనివ్వదురా. రెండో అవకాశం దాదాపు ఇవ్వదు.

ఇజ్రాయెల్ సైనికులు వారాంతపు సెలవుకి రైఫిల్ వెంట పెట్టుకుని ఇంటికి వెళ్లేవాళ్లు. 2006లో దాన్ని శిబిరంలోనే వదిలి వెళ్లమన్నారు. ఆత్మహత్యలు 40 శాతం తగ్గాయి, తగ్గింది కూడా ముఖ్యంగా వారాంతాల్లోనే. ఆ చావులు మిగతా రోజులకి మళ్లలేదు. "చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు" అని మన పెద్దవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. అది నిజం కాదు. ఆ మాట మన ఇళ్లల్లో ఇక వినపడకూడదు.

తాళం పెట్టుకుంటే చాలదా అంటావేమో. శ్రీలంకలో 50,000కు పైగా ఇళ్లను తీసుకుని, సగం ఊళ్లకి పురుగుమందు దాచుకునే తాళం పెట్టెలు పంచి చూశారు. విషం తాగడం ఏమీ తగ్గలేదని 2017లో తేల్చారు. అదే దేశం 1995 నుంచి అతి విషపూరితమైన మందుల్ని అంగళ్లలోనే లేకుండా చేస్తే, ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు 70 శాతానికి పైగా పడిపోయింది. అందుకే నా మొదటి మాట, అసలు ఇంట్లో ఉంచొద్దు. కొన్న షాపుకే తిరిగి అమ్మెయ్. దొంగల భయానికి అలారం పెట్టించు, కెమెరాలు పెట్టించు, బంగారం బ్యాంకు లాకర్లో పెట్టు. అమ్మడం కొన్నాళ్లు ఆలస్యమవుతుందంటే, అందాకా గుళ్లు తీసేసి, తుపాకి ఒకచోట, గుళ్లు మరోచోట తాళం వేసి ఉంచు. ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేదనిపిస్తే ఆరోజే బయటికి పంపెయ్. కొన్ని తుపాకి షాపులు, పోలీస్ స్టేషన్లు కొన్నాళ్లు దాచిపెడతాయి.

కాలిఫోర్నియాలో తుపాకి చేతికి రావాలంటే 10 రోజులు ఆగాలి. ఇరవైకి పైగా రాష్ట్రాల్లో, ప్రమాదంలో ఉన్న మనిషి దగ్గర్నుంచి కోర్టు ఉత్తర్వుతో తుపాకి కొంతకాలం తీసి ఉంచవచ్చు. మీ టెక్సస్‌లో ఈ రెండూ లేవు. ఉండాలనే నా అభిప్రాయం. నీకు పౌరసత్వం, ఓటు వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. ఇల్లు మాత్రం ఇవాళే నీ చేతిలో ఉంది.

తుపాకిని దూరంగా ఉంచమనడం తుపాకులంటే పడనివాళ్ల మాట మాత్రమే కాదు. న్యూహాంప్‌షైర్‌లో 2009లో, వారం లోపే ముగ్గురు ఒకే షాపులో తుపాకి కొని గంటల్లోనే ప్రాణం తీసుకున్నారు. ఆ షాపు యజమాని కదిలిపోయి, ఆత్మహత్యల నివారణ కోసం పనిచేసేవాళ్లతో కలిసి, కొనడానికొచ్చిన మనిషి ఆపదలో ఉన్నాడేమో ఎలా గమనించాలో తోటి వ్యాపారులకి చెప్పడం మొదలుపెట్టాడు.

అసలు నా బెంగ నీ గురించి కాదు, మీ బాబాయి కొడుకు సాయి గురించి. చదువు అయిపోయి మీ ఇంట్లోనే ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఆ ఓపీటీ అనుమతిలో 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదంటారు. ఇక్కడ వాళ్ల నాన్న రెండెకరాలు తాకట్టు పెట్టాడు. ఆ లెక్కలన్నీ ఆ పిల్లాడి బుర్రలో రాత్రింబగళ్లు తిరుగుతుంటాయి. పైగా వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సులాంటి కొద్దిపాటి మినహాయింపులుంటే తప్ప, తుపాకి దగ్గర పెట్టుకోవడమే అక్కడ ఫెడరల్ నేరం. వాడికి అందుబాటులో అది ఉండటం ఏ రకంగానూ మంచిది కాదు.

వాడితో మాట్లాడు. తిన్నావా, ఇంటర్వ్యూ ఏమైంది అనే మాటలు కాదు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకు, అలా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకు. అక్కడి ఆత్మహత్యల నివారణ నంబరు 988కి ఫోన్ చెయ్యి, లేదా మెసేజ్ పెట్టు. రాత్రీ పగలూ పలుకుతారు. ఇక్కడ వాళ్ల నాన్నకి మానసిక సాయం అందించే టెలిమానస్ 14416 నంబరు నేను ఇచ్చాను, అందులో తెలుగులోనే మాట్లాడతారు. పొలం సంగతి సాయిని ఆలోచించొద్దన్నానని చెప్పు. వాళ్ల నాన్నతో ఆ మాట నేనే అన్నాను, ఆయనా ఒప్పుకున్నాడు.

ఈ ఉత్తరం స్వాతికి కూడా చదివి వినిపించు. శనివారం ఫోన్ చెయ్యి. తుపాకి షాపుకి ఎప్పుడు తీసుకెళ్తున్నావో, సాయి ఏమన్నాడో రెండూ చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య