చిత్రావతి వాలును కంప్యూటర్‌లో కొలవడం



ఏటి వాలును కంప్యూటర్‌తో కొలుస్తారని చెబితే, నీళ్ళే లేని ఏటికి కొలతలెందుకని మా నాయన అడిగాడు. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కడినే కాబట్టి జవాబు చెప్పాల్సిందీ నేనే. నీళ్ళు లేకపోయినా వాలు ఉంటుంది. ఏరు ఎక్కడ రాతిని కోస్తుందో, ఎక్కడ ఇసుక మేట వేస్తుందో చాలావరకు ఆ వాలే చెబుతుంది. చెక్‌డ్యాం ఎక్కడ కట్టాలో ఆలోచించేవారికి ఇది అవసరం.

ముందుగా ఎత్తుల లెక్క కావాలి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 11 రోజుల పాటు రాడార్‌తో భూమి ఎత్తులను కొలిచింది. దాన్ని ఎస్సార్టీఎం అంటారు. 2005లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన కార్టోశాట్-1 చిత్రాలతో చేసిన లెక్క ఇస్రో వారి భువన్‌లో దొరుకుతుంది. రెండూ ఉచితమే. నేలను సుమారు 30 మీటర్ల గడులుగా కోసి, ఒక్కో గడికి ఒక ఎత్తు రాసిన గళ్ళ నోటుబుక్కు అనుకోండి. సాఫ్ట్‌వేర్ ప్రతి గడి చుట్టూ ఉన్న ఎనిమిది గడులను చూసి, ఎటు వాలు ఎక్కువైతే అటు నీటిని పంపుతుంది. ఎక్కువ గడుల నీరు చేరిన దారే వంక, ఆపైన ఏరు. దూరం అడ్డంగా, ఎత్తు నిలువుగా గీస్తే లాంగ్ ప్రొఫైల్ వస్తుంది.

చిన్న వంకకు వాలు ఎక్కువ, పెద్ద ఏటికి తక్కువ. కాబట్టి రెండింటినీ నేరుగా పోల్చకూడదు. వాలును, ఎగువ పరీవాహక విస్తీర్ణం యొక్క 0.45 ఘాతంతో గుణిస్తే నిటారు సూచిక వస్తుంది. అది ఒకచోట పెరిగితే అక్కడ గట్టి రాయి గానీ, నేల లేవడం గానీ కారణం కావచ్చు. మన గ్రానైటు నేలలో అడ్డంగా పోయే డోలరైటు డైకులు అలాంటి చోట్లే.

అసలు చిక్కు ఇక్కడుంది. కిలోమీటరుకు 2 మీటర్లు దిగే ఏరైతే ఒక్క గడికి దిగేది 6 సెంటీమీటర్లు. ఎస్సార్టీఎంలో ఎత్తులు పూర్తి మీటర్లలో ఉంటాయి. అందుకే ఏరు అర కిలోమీటరు చదునుగా పోయి మీటరు దూకినట్టు కనిపిస్తుంది. ఆ మెట్లు ఏటివి కావు, లెక్కవి. ప్రతి 10 మీటర్ల దిగుడుకు ఒక బిందువు తీసుకొని వాలు కడితే ఈ బాధ తగ్గుతుంది.

దీనికంటే పెద్ద చిక్కు చెరువు. చిత్రావతి మీద బుక్కపట్నం, ధర్మవరం చెరువులు విజయనగర కాలం నాటివి. సాఫ్ట్‌వేర్‌కు చెరువంటే తెలియదు, దారి లేని గుంట అనుకుంటుంది. కట్ట అంచు దాకా పూడ్చి, చదును గీత గీసి, కట్ట దాటగానే కిందికి దూకిస్తుంది. చూసేవారికి అది గట్టి రాతి మెట్టులాగే ఉంటుంది. విదేశంలో కూర్చున్నవారు దాన్ని భూమి కదలిక అనుకున్నా ఆశ్చర్యం లేదు. సర్వే ఆఫ్ ఇండియా పటంలో కట్టలు గుర్తించి, ఆ భాగాన్ని లెక్క నుంచి తీసేయాలి. 2000 తర్వాత కట్టినవి ఎస్సార్టీఎంలో అసలుండవు.

ఇంకొకటి. పరీవాహక విస్తీర్ణం పెరిగితే నీరూ పెరుగుతుందన్నది ఈ సూత్రానికి పునాది. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎగువ చెరువుల్లోనే ఆగిపోయే సీమలో ఇది ఎంతవరకు నిలుస్తుంది? సూచిక అంకెను నేను సగమే నమ్ముతాను.

క్యూజిస్, గ్రాస్, ఎల్‌ఎస్‌డీటోపోటూల్స్ ఉచితంగా దొరుకుతాయి. మొదటి రెండూ మామూలు కంప్యూటర్‌లో నడుస్తాయి. ఆసక్తి ఉన్నవారు సెలవుల్లో మీ ఊరి చెరువు కట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, మరువ ఏ వైపుందో, తూములెన్నో రాసుకొని రండి. హాస్టల్‌కు వచ్చినప్పుడు ఆ ఊరి వంకనే గీసి చూపిస్తాను.