తిండి మానొద్దు, నోటిని కాచుకో

చిన్నీ,

రెండు గంటలకోసారి ఏదో ఒకటి తినమని డైటీషియన్, భోజనానికీ భోజనానికీ మధ్య ఏమీ ముట్టొద్దని డెంటిస్టు చెప్పారట కదా. ఎవరి మాట వినాలో తెలియక చిరుతిళ్ళు మానేశావని మీ అమ్మ ఫోన్లో బాధపడింది. పళ్ళ డాక్టరుగా బతికినదాన్ని, నా మాట విను. తిండి మానొద్దు. ఆ డెంటిస్టు చెప్పింది మామూలు మనిషికి మంచి సలహానే, నీకు కాదు. నీలా సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ళు బరువు తగ్గితే ఊపిరితిత్తులకీ చేటే. పన్ను పుచ్చితే బాగుచేస్తాం, పోయిన ఊపిరితిత్తుల శక్తిని మాత్రం తిరిగి తేలేం. అలాగని పళ్ళు వదిలేసుకోమనడం లేదు. తిండి తింటూనే నోటిని కాపాడుకోవచ్చు.

1938లో న్యూయార్క్‌లో డొరతీ ఆండర్సన్ ఈ జబ్బుని విడిగా గుర్తించి రాసిన రోజుల్లో ఈ పిల్లలు బడికెళ్ళే వయసు దాకా బతకడమే అరుదు. పెద్దయ్యాక వాళ్ళ పళ్ళ సంగతేమిటని ఎవరికీ ఆలోచించే పని పడలేదు. ఇప్పుడు చాలా దేశాల్లో ఈ జబ్బున్న వాళ్ళలో సగానికి పైగా పెద్దవాళ్ళే. అందుకే నీ నోటి గురించి ఇంతగా చెప్పాల్సి వస్తోంది.

నీ ఒంట్లో సరిగా పనిచేయని సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్ ఊపిరితిత్తుల్లోనే కాదు, ఉమ్మి తయారుచేసే గ్రంథుల్లోనూ ఉంటుంది. క్లోరైడ్‌నీ బైకార్బొనేట్‌నీ కణం బయటికి పంపడం దాని పని. తిన్న తీపిని నోట్లోని బాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ దాదాపు 5.5 కన్నా కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. ఆ ఆమ్లాన్ని విరిచేది ఉమ్మిలోని బైకార్బొనేట్. కరిగిన చోట కాల్షియం, ఫాస్ఫేట్ మళ్ళీ చేర్చేదీ ఉమ్మే. ఆరోగ్యవంతుడికి రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. నీకేమో గ్రంథుల సంగతి అటుంచితే, ముక్కు దిబ్బడేసి నోటితో ఊపిరి తీయడం, ఇన్‌హేలర్లు, ఇన్ని మందులు. నోరు ఎండిపోదా మరి?

ఎండిన నోటిని మేం ఇట్టే పట్టేస్తాం. చిన్న అద్దాన్ని చెంప లోపల ఆనిస్తే జారకుండా అతుక్కుపోతుంది. ఉమ్మి నురగలా, తీగలా సాగుతుంది. ఇంట్లో నువ్వు చూసుకోగలిగింది ఇంకొకటుంది. నెలకోసారి పగటి వెలుతురులో పై ముందు పళ్ళను దూదితో తుడిచి ఆరనివ్వు. చిగురు అంచు వెంబడి సుద్దతో గీసినట్టు తెల్లటి చార కనబడితే అక్కడ ఎనామెల్ కరుగుతోందన్నమాట. పన్ను తడిగా ఉంటే అది కనబడదు. ఆ దశలో ఫ్లోరైడ్‌తో ఆపగలం, గుంట పడ్డాక ఫిల్లింగే గతి. పన్ను వచ్చినప్పటి నుంచీ ఉన్న మచ్చలు వేరు. ఈ జబ్బులో ఎనామెల్ లోపాలు కాస్త ఎక్కువే, వాటిని చూసి కంగారుపడకు.

చిరుతిండికి పల్లీలు, జీడిపప్పు, ఉడికించిన గుడ్డు, చీజ్, నెయ్యి వేసిన ముద్ద పెట్టుకో. కొవ్వుతో వచ్చే బలం పళ్ళను ఏమీ చేయదు. తీపి తినాలనిపిస్తే భోజనంతో పాటే తినేయి. డాక్టరు రాసిన బలం పాలు గంటసేపు చప్పరించకుండా ఒక్కసారే తాగేసి, వెంటనే నీళ్ళు పుక్కిలించు. ఎండాకాలంలో చెమటతో నీకు ఉప్పు ఎక్కువ పోతుంది, ఆ ఉప్పు ఒంటికి అందాల్సిందే. కానీ పంచదార కలిపిన నిమ్మనీళ్ళ సీసా పక్కన పెట్టుకుని రోజంతా గుటక గుటక తాగితే పళ్ళకు ఆమ్లం, తీపి రెండూ తగులుతూనే ఉంటాయి. దానికన్నా ఉప్పేసిన మజ్జిగ మేలు. పుల్లటిది తాగాకో, దగ్గి దగ్గి వాంతి అయ్యాకో వెంటనే బ్రష్ చేయొద్దు. నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగు.

తిండి అరగడానికి వేసుకునే ఎంజైమ్ క్యాప్సూల్ నమలొద్దు. లోపలి గింజలు చిగుళ్ళ దగ్గర చిక్కుకుంటే పుళ్ళు పడతాయి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయాలి. నాలుక మీద తెల్లపూత వచ్చి, తుడిస్తే కింద ఎర్రగా ఉంటే అది ఫంగస్ కావచ్చు. దానికిచ్చే ఫ్లూకొనజోల్ లాంటి మందులు సీఎఫ్‌టీఆర్‌ని సరిచేసే కొత్త మాత్రల స్థాయిని రక్తంలో పెంచేస్తాయి. కాబట్టి నీ ఊపిరితిత్తుల డాక్టరుని అడక్కుండా మందుల షాపులో కొని మింగకు.

రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుని ఉమ్మేయి, నీళ్ళు పోసి కడిగేయకు. ఆ తరవాత మంచినీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు. పగలు పంచదార లేని చూయింగ్ గమ్ నమిలితే ఉమ్మి ఊరుతుంది. వక్కపొడి జోలికి మాత్రం పోకు.

డెంటిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడు జబ్బు పేరు, మందుల చీటీ ముందే చూపించు. కుర్చీ పూర్తిగా వెనక్కి వాలిస్తే ఊపిరాడదని మొహమాటం లేకుండా చెప్పు. ఆ కుర్చీకి నీళ్ళు తెచ్చే సన్నటి గొట్టాల్లో సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరగొచ్చు, అది నీ ఊపిరితిత్తులకి చేటు. వాటిని ఎలా శుభ్రం చేస్తున్నారో అడుగు. సరైన జవాబు రాకపోతే లేచి వచ్చేయి, మర్యాద గురించి ఆలోచించకు. షుగరు పరీక్ష కూడా ఏటా చేయించుకో. ఈ జబ్బులో పెద్దయ్యాక షుగరు రావడం మామూలే, అది చిగుళ్ళనీ దెబ్బతీస్తుంది.

నీ డైటీషియన్‌నీ డెంటిస్టునీ ఒకసారి ఫోన్లో మాట్లాడుకోమను. వాళ్ళకి తీరిక లేకపోతే ఇద్దరి కాగితాలూ నాకు పంపించు, నేను మాట్లాడతాను. మానేసిన చిరుతిండి మాత్రం ఈ రోజు నుంచే మళ్ళీ మొదలుపెట్టు తల్లీ.

మీ పెద్దమ్మ