కొత్త స్పీకర్ల కన్నా ముందు గది

1. కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామంది హాల్లో మన గ్రానైటే పరుస్తారు. పైన స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు, కిటికీలకు అద్దాలు. సామాను సర్దకముందు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. ట్రర్ర్‌మని తిరిగి మోగిందంటే ఆ గదిలో పాటలోని ప్రతి 'స', ప్రతి 'చ' చెవిలో గుచ్చుకుంటుంది. లక్ష పెట్టి కొన్న స్పీకరైనా అక్కడ అరిచినట్టే ఉంటుంది.

2. ఆదిలాబాద్ టేకు దూలాలు, మట్టిగోడలు ఉన్న పాత పెంకుటింట్లో చిన్న టేప్‌రికార్డరు కూడా కమ్మగా పాడేది. పెంకుల సందుల్లోంచి మోత బయటికి పోయేది. పాత సామానే మంచిదని చాలామంది అంటారు గానీ, నా లెక్కలో అందులో సగం మంచితనం ఇంటిదే.

3. అమెరికాలో 1895లో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల ఒక ఉపన్యాస శాలలో మాట అయిదున్నర సెకన్లు మోగేది. వాలెస్ సబైన్ అనే పంతులు పక్క థియేటరు నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, ఒక్కొక్క వరసా పరుస్తూ ఆ మోత ఎంతసేపట్లో ఆరుతుందో రాత్రిళ్లు కొలిచాడు. ఆ మెత్తల పనికి మనకు ఆదిలాబాద్ పత్తి ఉంది, గొంగళ్లు ఉన్నాయి. మీరు పాట వినే కుర్చీలో కూర్చోండి. ఇంకొకరు పక్కగోడ వెంట అద్దం జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకరు కనబడ్డ చోట మందపాటి గొంగడి గానీ రెండంగుళాల పత్తి పరుపు గానీ వేలాడదీయండి. గోడకు బెత్తెడు ఎడం ఉంటే ఇంకా మేలు.

4. ఇక డోలు సంగతి. ఒగ్గు కథ చెప్పిన మిద్దె రాములు గారి ఊరు హనుమాజీపేటలో ఆరుబయట విన్నా, మరో ఊరి వాకిట్లో విన్నా, దెబ్బ పడి టక్కున ఆగుతుంది. అదే డోలు రికార్డు గదిలో పెడితే బూం‌మని సాగుతుంది. పదడుగుల ఎడంలో ఉన్న రెండు గోడలు 57 హెర్ట్జ్ దగ్గరి స్వరాన్ని పట్టుకుని వదలవు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదడుగులే అయితే మూడు దిక్కులా అదే స్వరం పోగవుతుంది. అందుకే ఇల్లు కట్టేటప్పుడే చదరపు గది వద్దంటాను. ఈ బూంకు పరదాలు, పరుపులు పనికిరావు. ఆ అల పొడవే 20 అడుగులు, రెండంగుళాల మెత్త దానికి లెక్కే కాదు. జరపాల్సింది స్పీకర్లను, కుర్చీని. స్పీకర్లను మూలల్లోంచి తీసి, వాటి వెనకున్న గోడకు రెండు మూడడుగులు ముందుకు పెట్టండి. మీరు గోడకు ఆనుకుని కూర్చుంటే బూం ఎక్కువ, సరిగ్గా నడిమధ్యన కూర్చుంటే డోలే సన్నబడిపోతుంది. మీ వెనకున్న గోడ నుంచి గది పొడవులో మూడోవంతు దాటి కాస్త ముందుకూ వెనక్కూ జరిగి చూడండి, దెబ్బ విడివిడిగా వినిపించే చోటు దొరుకుతుంది.

5. డోలు దెబ్బకు స్టీలు బీరువా తలుపు గలగలలాడితే, దాని సందులో గుడ్డ పేలిక దోపండి.

6. మే నెలలో కూలరు ఆపమని ఎవరినీ అనలేను. ఆ హోరు మీదికి వాల్యూం పెంచితే గోడల మోత కూడా దాంతో పాటే పెరుగుతుంది. కూలరు నడిచినన్నాళ్లూ స్పీకర్లను నాలుగైదు అడుగుల దూరానికి తెచ్చుకోండి. అంత దగ్గర్లో గోడల నుంచి వచ్చేదాని కన్నా నేరుగా వచ్చే పాటే గట్టిగా ఉంటుంది, తక్కువ వాల్యూంలోనే మాట తేటగా తెలుస్తుంది.